నమ్మి ఇచ్చినది

మురహరి ఆశ్రమానికి వచ్చి వారం దాటింది. ఇంటికి వెళ్ళే మాట ఎత్తడం లేదు. తెల్లారకముందే లేచి వాకిలి ఊడుస్తాడు, ఎవరూ చెప్పకుండానే అంట్లు తోముతాడు. ఫోను మాత్రం ఆపేసి సంచి అడుగున పెట్టేశాడు.

చీరాల అవతల సముద్రపు ఒడ్డున, జీడిమామిడి తోటలో ఓ రేకుల పాక. అదే ఆశ్రమం. సోమలింగంగారు అందులో ఉంటారు. కదలని పరిపూర్ణం ఒక్కటే నిజమనే అచల మార్గంలో గురువు. వచ్చినవాళ్ళు తత్వాలు పాడుతుంటే వింటారు, అడిగితే ఓ మాట చెబుతారు.

ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక మురహరి ఆయన దగ్గర కూర్చున్నాడు.

"గురువుగారూ, నాకు సంసారం మీద విరక్తి కలిగింది. ఉపదేశమివ్వండి. ఇక్కడే ఉండిపోతాను."

"ఎప్పుడు కలిగింది?"

మురహరి వేలితో నేల గీరుతూ జరిగింది చెప్పాడు.

హిమజ అనే అమ్మాయి ఒంగోలులో ఓ ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. ఇద్దరూ ప్రేమించుకున్నారు. బాగున్న రోజుల్లో ఆ అమ్మాయి తన ఫోటోలు కొన్ని ఇతనికి పంపింది, ఎవరికీ చూపించకూడనివి. తర్వాత మనసులు విరిగాయి. ఇక కుదరదని ఆమె చెప్పేసింది. ఆ కోపంలో వాటిని స్నేహితుల గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణించి ఎక్కడెక్కడికో పోయి, చివరికి ఆమె పనిచేసే ఆసుపత్రికే చేరాయి. ఆమె ఉద్యోగం మానేసింది. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది. వాళ్ళు తన ఇంటికొచ్చారని తెలిసి ఇతను ఇటు బస్సెక్కాడు.

"తప్పే, కాదనను. కానీ నేను చాటుగా తీసినవి కావు గురువుగారూ. తనంతట తనే పంపింది. నాకిచ్చాక అవి నావే కదా?"

సోమలింగంగారు "ఇంకేమన్నా ఉందా?" అని అడిగారు.

ఆ అడగడంలో ఏముందో గాని, మురహరి ఎన్నేళ్ళనించో లోపల దాచుకున్న సంగతొకటి, కన్నతల్లికి కూడా చెప్పనిది, ఆయన ముందు బయటపెట్టాడు. అదేమిటో వాళ్ళిద్దరికీ తప్ప ఇవాళ్టికీ మూడో మనిషికి తెలియదు.

సాయంత్రం చుట్టుపక్కల పల్లెల నించి జనం వచ్చారు. తత్వాలు సాగాయి. ఓ పాట అయ్యాక సోమలింగంగారు గొంతు సవరించుకున్నారు.

"మధ్యాహ్నం మన మురహరి నాకొక సంగతి చెప్పాడు."

అందరూ అతని వైపు తిరిగారు. మురహరి సగం లేచాడు.

"గురువుగారూ, వద్దు. అది మీకొక్కరికే చెప్పాను."

"నేనేం చాటుగా వినలేదుగా. నువ్వే చెప్పావు."

సోమలింగంగారు చెంబెత్తి రెండు గుక్కలు తాగి కింద పెట్టారు.

"ఇంకో పాట అందుకోండి," అన్నారు.

మురహరి ఆ పూట అన్నం తినలేదు. పొద్దున్నే సంచిలోంచి ఫోను తీసుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

"స్టేషనుకి వెళ్తున్నాను. మంచివాడినని మీరొక్క మాట చెబితే..."

"నీతో వస్తాను. ఆ మాట చెప్పను."

స్టేషనులో ఎస్సై ఒకావిడ. మురహరి దాచకుండా చెప్పాడు. ఆమె ఫోను తీసుకుని సీలు వేయించింది. గ్రూపులో ఎవరెవరున్నారో అడిగింది. "ముందుకి పంపినవాళ్ళ మీదా కేసే" అంది.

"ఆమె కాళ్ళమీద పడి క్షమించమంటాను మేడమ్."

"ఆమె జోలికి వెళ్ళకు. వెళ్తే అది ఇంకో కేసవుతుంది."

రిమాండు, బెయిలు, వాయిదాలు. ఉన్న ఉద్యోగం పోయింది. హిమజ సాక్ష్యం చెప్పే రోజున బయటివాళ్ళు వినకుండా కోర్టు తలుపులు మూశారు. మురహరి తరపు వకీలు లేచాడు.

"ఆ ఫోటోలు మీరే పంపారా?"

"పంపాను. అతనికి."

వకీలు మరోలా తిప్పి అడిగాడు. ఆమె అదే మాట, అంతే మెల్లగా చెప్పింది. మురహరి తలెత్తలేదు.

ఫోటో దిగడానికి ఒప్పుకున్నంత మాత్రాన పంచడానికి ఒప్పుకున్నట్టు కాదని, చట్టంలోనే ఆ సంగతి స్పష్టంగా ఉందని జడ్జి తీర్పులో రాశారు. జైలుశిక్ష వేశారు, జరిమానా కూడా.

వానలు మొదలయ్యాక సోమలింగంగారు జైలుకి వెళ్ళారు. జాలీకి అటువైపు మురహరి బాగా చిక్కిపోయి ఉన్నాడు. క్షేమసమాచారాలు అయ్యాయి.

"రోజు గడవడం లేదు గురువుగారూ," అన్నాడు మురహరి.

"ఎప్పుడు వదుల్తారో చెప్పారా?"

"చెప్పారు."

"ఆ పిల్లకి ఇది ఎప్పుడు వదుల్తుందో ఎవరూ చెప్పలేదు."

మురహరి జాలీ మీది చెయ్యి తీసేశాడు. టైమైందని వార్డరు పిలిచేదాకా అలాగే నిలబడ్డాడు.