తాగని తాత చలవ

విజ్జలరాజు మంత్రిని వెంటబెట్టుకుని కోట నేలమాళిగలో తెల్లద్రాక్ష సారా రుచి చూశాడు. నిరుటి పీపాలోది ఘాటుగా ఉంది. తండ్రినాటిది కమ్మగా ఉంది. తాతనాటిది చెక్క వాసన పీల్చుకుని నాలుక మీద వెన్నలా కరిగింది.

“ఆహా, ఎవరి చలవ ఇది!”

“తమ చలవే ప్రభూ!” అన్నాడు మంత్రి.

రాజు పొంగిపోయి, “పీపాలన్నీ ఈ రోజే విందుకి తరలించండి!” అన్నాడు.

పీపాలు కాచే బయ్యక్క అడ్డొచ్చింది. “ఇది మీ తాతగారి చలవ దొరా. ఒక్క గుక్క తాగి, బాగుందని మెచ్చుకుని, బిరడా బిగించమన్నారు. ఆయనే విందు చేసుంటే ఇవాళ మీకు ఖాళీ పీపా మిగిలేది.”

“అయితే నా చలవేమీ లేదా?” రాజు గుడ్లురిమి చూశాడు.

“అది మీ మనవడు చెప్పాలి దొరా!”

రాజు తాత పీపాకి దణ్ణం పెట్టి, చేతిలో గిన్నె బోర్లించాడు.

“బిరడా బిగించు, అక్కా.”