తివాచీ కింద వెలుగు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనకోడలి కూతురు ప్రణవి. ఫోనులో దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇళ్ళు కట్టే ఆట ఉందే, అది ఆడుతూ చెప్పింది. ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది. తరవాత చెప్పినవాళ్ళే చెడగొట్టారు. అందుకని నేను విన్నది విన్నట్టు చెబుతాను. అడ్డం రాకుండా వినండి.

అనగా అనగా, గుండ్రమంటే ఏమిటో ఎరగని రాజ్యం ఒకటి.

అక్కడ సూర్యుడు నలుచదరం. చంద్రుడు నలుచదరం. మబ్బులు పీటల్లా తేలిపోయేవి. ఆవు సైతం నాలుగు పెట్టెలు అతికించినట్టుండి, "అంబా" అని అరిచేది.

ఆ రాజ్యంలో వింతలకు కొదవ లేదు. కొండను చేత్తో కొడితే దిమ్మెలు దిమ్మెలుగా ఊడి సంచిలో పడేది. చెట్టు మొదలు నరికితే కొమ్మలు కూలేవి కావు. ఆకాశాన అలాగే నిలిచి, గాలిలో ఆకులాడించేవి. పొయ్యి మీద అత్తెసరు ఉడికేలోగా పగలు గడిచిపోయేది.

అన్నీ వింతలే. భయం మాత్రం ఒక్కటే. చీకటి ఉన్నచోట పచ్చమొహం పీనుగులు పుట్టేవి. అవి ఎక్కణ్ణుంచో నడిచి వచ్చేవి కావు. వానకు పుట్టగొడుగు లేచినట్టు, చీకటికి అవి లేచేవి. ఎండ తగిలిందా, భగ్గున మండి బూడిదయ్యేవి.

ఆ రాజ్యపు కోట బయట, మన్ను తవ్విన బొరియలో చుక్కమ్మ అనే కోడలు, పైడమ్మ అనే అత్త ఉండేవారు. పొద్దుగూకితే చాలు, బొరియ నోటికి మన్ను అడ్డం పెట్టుకుని, లోపల ఒక్క కాగడా గుచ్చుకుని, పీనుగులు గోళ్ళతో గీకే చప్పుడు వింటూ కూచునేవారు.

ఒకనాడు చదరభూపతి మహారాజు చాటింపు వేయించాడు.

"కోటలో మూడు స్థలాలున్నాయి. ముగ్గురు మూడిళ్ళు కట్టండి. చూడ ముచ్చటగా ఉండాలి, ఉండ నిబ్బరంగా ఉండాలి. గెలిచినవారు కోటలోనే ఉండవచ్చు. ఇంకొకరి పనిని తమదని చెప్పినవారు కోట దాటి పోవాలి."

గట్టిమల్లుడు వచ్చాడు. బలం తప్ప మరొకటి నమ్మనివాడు. సొగసురాయుడు వచ్చాడు. అద్దం తప్ప మరొకటి చూడనివాడు. చుక్కమ్మ కూడా పలుగు భుజాన వేసుకుని వచ్చింది.

సొగసురాయుడు పకపకా నవ్వాడు. "బొరియలో ఎలుక మేడ కడుతుందట!"

పైడమ్మ ఊరుకునే మనిషా? "ఎలుకకు తన ఇంట్లో దారైనా తెలుసు నాయనా. కిందటేడు నువ్వు కట్టిన మేడకు మెట్లు పెట్టడం మరిచి, దూలం పట్టుకుని దిగావు కదూ?"

అందరూ నవ్వారు. చుక్కమ్మ నవ్వలేదు. రాత్రి అత్త అన్న మాట ఆమె చెవిలోనే ఉంది. "ఒసే కోడలా, ఈ చలి మట్టిలో నేను ఇంకో వానాకాలం బతకనే. ఓడి రాకు."

చుక్కమ్మ పని మొదలుపెట్టింది. ముందు గోడ లేపి, దూరంగా జరిగి చూసింది. పెదవి విరిచింది. బల్లపరుపు గోడ, ముక్కులేని మొహంలా ఉంది. స్తంభాలను ఒక దిమ్మె ముందుకు జరిపింది. కిటికీలను ఒక దిమ్మె లోపలికి నెట్టింది. చూరును బయటికి సాచింది. అంతే! ఎండ పడ్డచోట వెలుగు, మడత పడ్డచోట నీడ. గోడకు ప్రాణం వచ్చినట్టు, ఇల్లు ఊపిరి తీసినట్టు అయింది. దారిన పోయేవాళ్ళు నెత్తిన బుట్టలు దించడం మరిచి నిలబడిపోయారు.

మరి నట్టింటి గది? నాలుగు వైపులా గదులే. ఎండ రాదు. గోడలకు కాగడాలు గుచ్చితే వెలుగు వస్తుంది, కానీ గోడ నిండా మొటిమలు లేచినట్టుంటుంది. గుచ్చకపోతే పీనుగు లేస్తుంది.

చుక్కమ్మ చాలాసేపు గడప మీద కూచుని ఆలోచించింది. తరవాత నడుం బిగించి పాతాళానికి దిగింది.

పాతాళమంటే మాటలా! అక్కడ ఏళ్ళు నిప్పుగా పారుతాయి. గాలి నిప్పుగా వీస్తుంది. కప్పుకు మాత్రం, ద్రాక్షగుత్తుల్లా, పసుపు పచ్చని వెలుగురాళ్ళు వేలాడుతుంటాయి. చుక్కమ్మ మొదటిసారి దిగి దారి చూసి వచ్చింది. రెండోసారి దిగి కొంగు కాల్చుకుని వచ్చింది. మూడోసారి దిగి, సంచి నిండా వెలుగు మోసుకొచ్చింది.

నట్టింట నేల తవ్వి, ఆ రాళ్ళు పొదిగి, పైన, వెలుగును ఆపని ఎర్ర తివాచీలు పరచసాగింది. పైడమ్మ గుండె బాదుకుంది.

"దీపాన్ని తొక్కుతారటే, పాపిష్ఠిదానా!"

"తొక్కడం కాదత్తా, పాతాను. విత్తనం పాతి మీద నడుస్తాం. విత్తనాన్ని తొక్కినట్టా?"

"మరి అంత కష్టపడి తెచ్చి దాచడమెందుకే? ఎవరికి కనబడుతుంది?"

"రాయి కనబడక్కర్లేదత్తా. నీకు దారి కనబడితే చాలు."

పైడమ్మ తివాచీ రెండో అంచు పట్టుకుని సాయంగా పరిచింది.

పక్క స్థలంలో సొగసురాయుడు ఏం చేశాడు? మన్ను దిమ్మె మీద మన్ను దిమ్మె వేసుకుంటూ తాటిచెట్టంత ఎత్తుకు లేచి, అక్కణ్ణుంచి తొంగిచూశాడు. చుక్కమ్మ స్తంభం నిలిపితే తనూ నిలిపాడు. చుక్కమ్మ చూరు సాస్తే తనూ సాచాడు. ఆ రాజ్యంలో ఎవరి దిమ్మె అయినా ఒకే కొలత. అచ్చుదించడం ఎంతసేపు! రాళ్ళు పొదిగేనాటికి చుక్కమ్మ కప్పు వేసేసింది కాబట్టి లోపలేముందో వాడికి కనబడలేదు. తలుపు తట్టి అడగడానికి అహం ఒప్పుకోలేదు.

తన నట్టిల్లు చీకటిగా ఉండడం వాడు చూడకపోలేదు. చూశాడు. "నట్టిల్లు ఎవడు చూస్తాడు? రాజుగారు వాకిట నిలబడి ఆహా అంటారు, పోతారు" అనుకుని, తలుపు మూసేశాడు. వాకిట్లో పేద్ద పలక పాతి, "ఈ పని సొగసురాయుడిది" అని రాయించాడు.

చుక్కమ్మ పలక పెట్టలేదు. ఆమెకు అక్షరాలు రావు.

మిట్టమధ్యాహ్నం మహారాజు వచ్చాడు.

మొదట గట్టిమల్లుడి ఇల్లు. కిటికీ లేదు, చూరు లేదు. నల్లరాతి దిమ్మె. లోపల గోడ గోడకూ కాగడాలు, కళ్ళు మండే పొగ.

"మల్లన్నా, ఇది ఇల్లా, గాదెనా?"

"ఒక్క పీనుగు రాదు మహారాజా!"

"పీనుగు మాట సరే, నాకే రాబుద్ధి కావడం లేదయ్యా."

తరవాత రాజు ముందుకు నడిచి, ఆగిపోయాడు. పక్కపక్కన రెండిళ్ళు. ఒకే స్తంభాలు, ఒకే చూరు, ఒకే నీడ. "ఆహా! ఇంత అందాన్ని ఒకసారి చూడడమే అదృష్టం. రెండుసార్లా!" అన్నాడు.

"ఆ ఆడమనిషి నా పని దొంగిలించింది మహారాజా. పలక చూడండి" అన్నాడు సొగసురాయుడు.

రాజు పలక చదివాడు. ముఖం మాడ్చుకున్నాడు. చుక్కమ్మ వైపు తిరిగాడు. చుక్కమ్మకు ఇక మళ్ళీ ఆ బొరియే గతి, కష్టం కూడా తనది కాకుండా పోతుంది. పక్కనున్న అత్త చల్లటి చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తగిలేసరికి చుక్కమ్మ తల ఎత్తింది.

"పలక వాకిలి మాటే చెబుతుంది మహారాజా. రెండిళ్ళలో నట్టింటి తలుపు తీయించండి."

"అక్కడేముంది, సామాను గది" అని నసిగాడు సొగసురాయుడు.

"చుట్టాన్ని నట్టింట్లోకి పిలవనివాడు, వాడేం ఇల్లు కట్టాడయ్యా?" అంది పైడమ్మ.

రాజు కన్నెర్ర చేశాడు. సొగసురాయుడు తలుపు తీశాడు.

పట్టపగలు, బయట ఎండ ఫెళఫెళా కాస్తుండగా, ఆ గదిలో పచ్చమొహం పీనుగు చేతులు చాచి రాజు మీదికి రాబోయింది! భటులు ఒకరి మీద ఒకరు పడ్డారు. సొగసురాయుడు రాజు వెనకే దాక్కున్నాడు. చుక్కమ్మ ఒక్క అంగలో లోపలికి దూరి, పలుగెత్తి కప్పులో దిమ్మె ఊడగొట్టింది. నలుచదరపు ఎండ, నిలువుపాటి స్తంభంలా గదిలోకి దిగింది. పీనుగు ఆ ఎండలో నిలబడ్డచోటే మండి, గుప్పెడు బూడిదయింది.

రాజు గోడను తట్టి చూశాడు.

"గోడ ఇంత గట్టిదే! ఇది ఎటు నుంచి వచ్చింది?" అన్నాడు రాజు.

"రాలేదు మహారాజా, ఇక్కడే పుట్టింది. మూసిపెట్టిన చీకటి ఊరుకోదు" అంది చుక్కమ్మ.

అప్పుడు చుక్కమ్మ తన ఇంటి నట్టింటి తలుపు తీసింది. దీపం లేదు. కాగడా లేదు. కిటికీ లేదు. అయినా ఏ మూలా ఆవగింజంత చీకటి లేదు. తెల్లవారుజాము వెలుగు నేలలోంచి ఊరుతున్నట్టుంది. రాజు పైకి చూశాడు, పక్కలకు చూశాడు. చుక్కమ్మ వంగి తివాచీ అంచు పైకెత్తింది. బంగారు వెలుగు రాజు మొహం నిండా పడింది.

అంతటి మహారాజు, గబుక్కున చెప్పులు విడిచి గడప బయట పెట్టాడు.

"అమ్మా, నేను వాకిలి చూసి తీర్పు చెప్పబోయాను. తప్పు నాదే. ఈ ఇల్లూ నీదే, కోటా నీదే" అన్నాడు.

గట్టిమల్లుడికి కోటగోడ పని దొరికింది. ఆ బలానికి అదే తగిన చోటు. సొగసురాయుడు కోట దాటి పోయి, చుక్కమ్మ వదిలేసిన బొరియలో దూరాడు. పైడమ్మ నట్టింట కాళ్ళు చాపుకుని, "వెచ్చగా ఉందే కోడలా" అంటూ ఎన్నో వానాకాలాలు బతికింది.

కథ అయింది కానీ, దీన్ని అప్పుడే కంచికి పోనివ్వను. మా వీధి పిల్లలు ఆ ఆటలో చుక్కమ్మ ఇల్లు అచ్చంగా కట్టారు. కట్టి, వాకిట్లో సొగసురాయుడి పేరు పెట్టారు. పలక మీద ఉన్నదే నిజమని, ఈ కథ చెడగొట్టినవాళ్ళలో ఒక పెద్దమనిషి చెప్పాడట. ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలుసు, మరిచిపోను కూడా. నాకు అక్షరాలు అంతంతమాత్రం. అవి వచ్చినవాళ్ళెవరైనా పుణ్యం కట్టుకుని, ఆ పేరు తీసేసి ఇలా రాయండి: "ఈ ఇల్లు చుక్కమ్మ కట్టింది. వాకిట ముగ్గు చూసి లోకం మెచ్చుకుంటుంది, నట్టింటి దీపం వల్లే మనిషి బతుకుతాడు."