లారీ దగ్గు విన్న తల్లి: ఆలకింపులమ్మ మలుపు

జీలుగులోవ ఘాట్ రోడ్డులో అన్నిటికన్నా నిటారుగా ఉండే మలుపు దగ్గర, కొండవైపు గోడను ఆనుకుని శ్రీ ఆలకింపులమ్మ వారి గుడి ఉన్నది. చాలా చిన్న గుడి. పైన రేకుల కప్పు, ముందు సిమెంటు అరుగు, పక్కన లారీలు ఆగేందుకు చదును చేసిన కాస్త జాగా. అమ్మవారు మోకాలెత్తు నల్లరాయి. ఆ రాతికి ముఖం లేదు, చేతిలో ఆయుధం లేదు. కుడిపక్కన మాత్రం, వినేందుకు చెవి వెనుక అరచెయ్యి మడిచి పెట్టినట్టు ఒక గుంట కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన భక్తులు మొదట అడిగేది ఆ గుంట సంగతే. అది శిల్పి చెక్కినది కాదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. మేకలు కాసుకునే ఆడవారు దారి పక్క రాతి మీద రెండు ఆకులుంచి, పిల్లల దగ్గు నెమ్మదించాలని మొక్కుకుని పోయేవారు. రాతికి పేరు కూడా ఉండేది కాదు. లారీలు ఇంకా పెట్రోలుతో నడిచే ఆ కాలంలో, సూరిదేముడు అనే డ్రైవరు ఈ దారిన కొండ మీది సంతలకు సరుకునూ జనాన్నీ చేరవేసేవాడు. వెంట భార్య అచ్చియ్యమ్మ వచ్చేది. వారికి పిల్లలు లేరు. ఇంట్లో ఒక్కతే కూర్చోలేనని ఆమె మొదటిసారి లారీ ఎక్కింది. తరువాత దిగలేదు. చక్రాలకు అడ్డు రాయి వేయడం, రేడియేటరులో నీళ్ళు పోయడం అన్నీ నేర్చుకున్నది.

యజమాని ఆ లారీ కొండ బాగా ఎక్కాలని ఇంజను సిలిండర్ల మీది మూత అడుగును అరగదీయించాడు. దానివల్ల లోపల జాగా తగ్గి, పెట్రోలు ఆవిరి మునుపటికన్నా గట్టిగా నొక్కుకునేది. బలం పెరిగింది. కాని అలా నొక్కినప్పుడు మామూలు పెట్రోలు ఓర్చుకోలేదు. నిప్పురవ్వ పడిన తరువాత నెమ్మదిగా కాలవలసినది ఒక్కసారిగా భగ్గుమంటుంది. అప్పుడు ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడవుతుంది. పెట్రోలుకు ఉండే ఆ ఓర్పునే ఇప్పుడు బంకుల్లో ఆక్టేన్ అంటున్నారు. ఆనాడు ఈ దారిలో ఆ మాట ఎవరూ ఎరుగరు. ఇంజను దగ్గుతున్నది అనేవారు.

సూరిదేముడికి ఆ దగ్గు వినబడేది కాదు. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన కూర్చుని అతని చెవులు మందగించాయి. ఆ సంగతి బయటపడితే బండి ఇవ్వరని భయం. యజమానికి చెప్పలేదు. భార్యకూ చెప్పలేదు. ఎదుటివారి పెదవులు చూసి జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాడు.

ఒక ఏడు పెట్రోలు కరువైంది. దొరికిన దానిలో కిరసనాయిలు కలిపి పోయడం మొదలుపెట్టాడు సూరిదేముడు. కిరసనాయిలుకు ఓర్పు మరీ తక్కువ. దగ్గు ఎక్కువైంది.

"మావా, బండి మూలుగుతోంది. ఇత్తడి సెంబులో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది," అన్నది అచ్చియ్యమ్మ, అతని భుజం తట్టి తనవైపు తిప్పుకుని.

"నా బండి సంగతి నాకు తెలీదేటి?" అన్నాడు అతడు. అంత కటువుగా అతడు ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆమె మరి ఆ మాట ఎత్తలేదు.

సంతరోజున పసుపు బస్తాలు, వాటి మీద జనంతో లారీ ఈ మలుపు ఎక్కుతుండగా ఇంజను లోపల పిస్టను పగిలింది. బండి ఆగి, మరుక్షణం వెనక్కు జారసాగింది. బ్రేకులు ఆ బరువును పట్టలేకపోయాయి. ఎడమవైపు లోయ. "కొండకి తిప్పు మావా, కొండకి," అని అచ్చియ్యమ్మ కేక పెట్టింది. అతనికి వినబడలేదు. ఆమె పక్కనుంచి వంగి, అతని చేతుల మీద తన చేతులు వేసి స్టీరింగు తిప్పింది. వెనుక చక్రం వెళ్ళి దారి పక్క రాతికి గుద్దుకున్నది. రాయి పెచ్చు ఊడింది గాని కదలలేదు. లారీ ఆగింది.

ఎవరికీ దెబ్బ తగలలేదు. జనం దిగి, యజమానికి కబురు చెబుతామని నడిచిపోయారు. సూరిదేముడు మాత్రం సీటులోంచి లేవలేదు. తన చేతులను చూసుకుంటూ కూర్చుండిపోయాడు.

కాసేపటికి సోములమ్మ అనే ముసలామె మేకలను తోలుకుంటూ వచ్చింది. ఆమె కొండదొర తెగ ఆడపడుచు, ఆ రాతికి రోజూ ఆకు పెట్టేది. దుత్తలో ఉన్న అంబలి ఇద్దరికీ పోసింది. సూరిదేముడు దిగివచ్చి, పెచ్చు ఊడిన చోట చెయ్యి వేసి, "అమ్మకు దెబ్బ తగిలించాను," అన్నాడు.

"అమ్మ ఆగమంటే బండి ఆగింది. దెబ్బ సంగతి ఆ తల్లి సూసుకుంటాది. నువ్వు కూసింత కునుకు తీయి నాయనా," అన్నది ఆమె.

మిట్టమధ్యాహ్నం ఆ రాతికి ఆనుకుని అతడు నిద్రపోయాడు. కలలో పసుపు పూసుకున్న ఒక ముదుసలి కనిపించింది. ఆమె మాటలు అతనికి ప్రతి అక్షరమూ స్పష్టంగా వినబడ్డాయి. చెట్ల గాలి, మేకల మెడ గంటలు కూడా వినబడ్డాయి.

"బిడ్డ దగ్గుతుంటే ఏం పట్టావు?" అని అడిగింది ఆమె.

"దొరికింది పట్టానమ్మా."

"దొరికింది వేరు, దానికి పడేది వేరు. ఏది పడుతుందో దాని దగ్గే చెబుతుంది. నీకు వినబడకపోతే వినే మనిషిని అడుగు. పక్కనే కూర్చోబెట్టుకుని తిప్పుతున్నావు కదా."

అతడు కన్నీళ్ళతో లేచాడు. అచ్చియ్యమ్మ పక్కనే కూర్చుని, అతని మొహం మీద ఎండ పడకుండా కొంగు పట్టుకుని ఉన్నది.

"అచ్చీ, నాకు ఇనపడదే," అన్నాడు. "సానా కాలమైంది. నీకు సెప్పలేకపోయాను."

"నాకు తెలుసు మావా."

"ఎప్పటినుంచి?"

"నేను గొంతు పెంచి మాటాడ్డం మొదలెట్టిన కాడినుంచి. నువ్వు సెప్పేదాకా అడక్కూడదనుకున్నాను."

అతడు ఆమె ఒడిలో తల పెట్టి చాలాసేపు ఉండిపోయాడు. సోములమ్మ మేకలను అటువైపు మళ్ళించుకుని పోయింది.

ఇంజను బాగుపడింది. మళ్ళీ ఆ దగ్గు రాకూడదని సూరిదేముడు పట్నంలో వెతికి, విమానాలకు పోసే, ఓర్పు బాగా ఎక్కువున్న పచ్చరంగు పెట్రోలు సంపాదించి, పూర్తిగా అదే పోశాడు. తన బండికి అన్నిటికన్నా మేలైనది పెట్టాలని అతని ఆశ. దగ్గు మాయమైంది. అయితే పొద్దున్నే బండి లేవడానికి మొరాయించేది, ప్లగ్గులకు మసి పట్టేది. కొండ ఎక్కడంలో మాత్రం పిసరంత తేడా లేదు.

"పసిదానికి పెళ్ళి బోయనం పెడితే ఎలా మావా? దానికి కావాల్సినంతే పెట్టాలి," అన్నది అచ్చియ్యమ్మ.

అప్పుడు ఇద్దరూ కలిసి వెతకడం మొదలుపెట్టారు. కిరసనాయిలు మానివేశారు. మామూలు పెట్రోలు పోసి, అదే బరువుతో ఈ మలుపు ఎక్కారు. అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకుని, కుడి చెయ్యి అతని మోకాలి మీద ఉంచి వినేది. దగ్గు వినబడగానే మోకాలు నొక్కేది. అతడు వెంటనే కాలు తేలిక చేసి, బండిని కిందికి దించేవాడు. మామూలు పెట్రోలులో పచ్చది కొంచెం కలిపి మళ్ళీ ఎక్కించేవాడు. ఒకసారి పైకి చేరేముందు నొక్కింది. ఇంకొంచెం కలిపారు. ఆ తరువాతి సారి మలుపు దాటినా, చదునుకు చేరినా ఆమె చెయ్యి కదలలేదు. నిద్రపోయిందేమోనని అతడు తిరిగి చూశాడు. ఆమె నవ్వుతున్నది.

"ఎలాగుంది?" అని అడిగాడు.

"కడుపునిండా తాగిన బిడ్డలాగుంది," అని అతని అరచేతిని తీసుకుని ఇంజను మూత మీద పెట్టింది. ఆ సాఫీ అదురు అతని చేతికి తెలిసింది. అప్పటినుంచి ఆ పాళ్ళలోనే పోసేవారు. పెట్రోలు ఏదైనా మారితే మళ్ళీ ఈ మలుపుకే వచ్చి వినేవారు.

సూరిదేముడు ఈసారి యజమానికి ఉన్నమాట చెప్పాడు. యజమాని, అచ్చియ్యమ్మ పక్కన కూర్చున్నన్నాళ్ళూ బండి అతనిదేనని మాట ఇచ్చాడు. ఆ మాట తప్పలేదు. దంపతులు తమ పాత టార్పాలిన్‌తో రాతికి మొదటి పందిరి వేశారు. రాతికి చక్రం చేసిన గుంటను తడిమి చూసి, "సెవి ఒగ్గి ఇంటున్నట్టు లేదూ," అని ఆలకింపులమ్మ అనే పేరు పెట్టింది సోములమ్మే. నేటికీ ఆమె వంశీకులే ఇక్కడ పూజారులు.

ఇప్పుడీ దారిన వెళ్ళే లారీలు డీజిలువి. చిన్న బండ్లకు ఎంత ఆక్టేన్ కావాలో వాటి పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. అయినా బండి ఏదైనా ఇక్కడ ఆపుతారు. డ్రైవరు కొబ్బరికాయ కొట్టకముందే తన పక్కన కూర్చున్నవారివైపు తిరిగి, "ఎలాగుంది?" అని అడగాలి. క్లీనరైనా, భార్య అయినా, దారిలో ఎక్కిన ముసలివారైనా చెప్పినదాన్ని కాదనకుండా వినాలి. ఒంటరిగా వచ్చిన డ్రైవరు బండి దగ్గరకు పూజారే వచ్చి, చెవి ఒగ్గి విని చెబుతారు. వినికిడి తగ్గిన పెద్దలను వారి పిల్లలు తీసుకువస్తారు. మాట్లాడుకోవడం మానేసిన ఆలుమగలు కూడా వస్తారు. అడిగినవారి ప్రయాణం చల్లగా సాగుతుందని, చెప్పినవారి మాట ఇంట నిలుస్తుందని భక్తుల నమ్మకం.

గుడి ముందు గంట ఉన్నది. లోపలికి వస్తూ ఎవరూ దానిని మోగించరు. పక్కవారు చెప్పవలసినది చెప్పడం పూర్తయిన తరువాతనే మోగిస్తారు. అంతవరకు ఎంతసేపైనా, వెనుక ఎన్ని లారీలు ఆగి ఉన్నా, ఈ మలుపులో ఎవరూ హారను కొట్టరు.