ఎనభై శాతం తత్వం

ఏడో తరగతి తెలుగు పుస్తకంలో ‘మన దేశం’ అనే పాఠానికి పల్లెల్లో పాడుకునే తత్వం ఒకటి కావలసి వచ్చింది. పుస్తకం తయారుచేసే కమిటీలో అందరికంటే చిన్నవాడు చెన్నకేశవులు. తన గురువు హుసేనప్ప నోట నేర్చుకున్న తత్వాన్ని రాసి ఇచ్చాడు.

కమిటీకి నచ్చింది. నాలుగో చరణం మాత్రం అడ్డం వచ్చింది. దేశం గురించిన పాఠంలో ఏ మతం పేరూ వినిపించకూడదన్నారు. ఆ చరణం ఉంటే మొత్తం తత్వమే వద్దన్నారు.

కేశవులు దాన్ని తీసేశాడు. సోమవారం పుస్తకం అచ్చుకు పోతుంది. పాట అచ్చువేయడానికి ఒప్పుకున్నట్టు గురువు సంతకం కోసం ఆదివారం పొద్దున్నే ఊరికి వచ్చాడు.

“పది పంక్తులల్ల రెండే పోయినయి అయ్యా. ఎనభై శాతం అట్లనే ఉన్నది. అయిదు లక్షలమంది పిల్లలు చదువుతరు.”

హుసేనప్ప ఆ పాట రాసిన కాగితం మడిచి తలరుమాలులో దోపుకున్నాడు. తంబూర అందుకున్నాడు.

“బాయిలు తవ్వే సాయన్న పోయిండురా. సాగనంపాలె. నడువు.”

సాయన్నను వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ ఇరవైమంది దాకా కూర్చున్నారు. ఆ ఊళ్ళో పోయినవాళ్ళను తత్వాలు పాడే సాగనంపుతారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు.

హుసేనప్ప తంబూరను శిష్యుడి ఒళ్ళో పెట్టాడు.

“ఎత్తుకో. కమిటీకి ఇచ్చినట్టే పాడు.”

“ఇక్కడనా అయ్యా?”

“పిల్లలకు పనికొచ్చేది సాయన్నకు పనికిరాదా?”

కేశవులు ఎత్తుకున్నాడు. మూడు చరణాలూ జనం అందుకున్నారు. అతను అయిదోదానికి దాటాడు. తాళాలు ఆగిపోయాయి. వాకిట్లో అతని గొంతు ఒక్కటే మిగిలింది. కాసేపటికి అదీ ఆగింది.

సాయన్న కాళ్ళ దగ్గర కూర్చున్న అతని భార్య మొగులమ్మ, తల ఎత్తకుండానే అందుకుంది.

“ఊదుపొగలో పీరు ఉంటే, బూడిదలో శివుడు ఉంటే,
నడుమ మండిన నిప్పు పేరు నాకు చెప్పర సోదరా!”

ఇరవై గొంతులు కలిశాయి.

పాట అయ్యాక మొగులమ్మ కేశవులు వైపు చూసింది.

“అది ఇడిసిపెట్టి పోతవేంది కొడుకా? బాయిల దిగేటప్పుడల్లా మా ఆయన అదే పాడుతుండె.”



మట్టిచేసి వచ్చి, కాళ్ళు కడుక్కున్నాక హుసేనప్ప రుమాలులోంచి కాగితం తీశాడు.

“నా సంతకం ఎందుకురా? మొగులమ్మతోని వేలిముద్ర ఏయించుకో, పో.”

కేశవులు కాగితం తీసుకున్నాడు. అక్కడే కూర్చున్నాడు. దాన్ని మోకాలి మీద పెట్టుకుని, చివరి రెండు పంక్తుల పైన, ఇరుకులోనే, చిన్న అక్షరాలతో నాలుగో చరణం రాయడం మొదలుపెట్టాడు.

“గట్ల రాస్తే మొత్తం తత్వమే తీసేస్తరు గదరా?”

“తీసేస్తరు అయ్యా.”

రాయడం అయిపోయేదాకా హుసేనప్ప నిలబడే ఉన్నాడు. తర్వాత పెన్ను కోసం చెయ్యి చాచాడు.