మొదటి ముద్ద కోసం మోటార్‌సైకిలు

ఆ దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. మూతి ముడుచుకుని పడుకుంటే నిద్ర రాదమ్మా. అత్త కూతురికి కొత్త సైకిలు కొన్నారని నీకు కడుపుమంటగా ఉంది. నాకు తెలీదనుకున్నావా? ఇలా తిరుగు. కుళ్ళుబోతు కథ ఒకటి చెబుతాను. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా ఒక కాలవగట్టు. ఆ గట్టు చివర మామిళ్ళపాడు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో మంగతాయారు అని ఒకావిడ. ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది రత్నం, చిన్నది హైమ.

పెద్దల్లుడి పేరు గవర్రాజు. పక్క ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేసుకునేవాడు. పని మంచిది, మనిషీ మంచివాడే. కానీ ఒకటే జబ్బు. తనకంటే ముందు ఇంకొకడు నిలబడితే ఓర్చుకోలేడు. పెళ్ళి భోజనాల్లో పక్కవాడి విస్తట్లో బూరె కాస్త పెద్దది పడినా ఆ రోజంతా అదే తలుచుకుంటాడు.

మంగతాయారు ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆవకాయ పెట్టే రోజున అల్లుడు వచ్చి కాయ కొట్టాలి. టెంకతో సహా కొట్టాలి కదా, బలం కావాలి మరి. ఆ తర్వాత ఆవిడ ఆవపిండి, కారం, ఉప్పు, నూనె పెద్ద బేసినులో వేసి కలిపి జాడీల్లోకి ఎత్తేది. బేసినుకి ఎర్రగా అంటుకున్న పిండిలో వేడన్నం వేసి, కలిపి, అందరికీ తలో ముద్దా పెట్టేది. అబ్బ, చెబుతుంటేనే నోరూరుతోంది. ఆ మొదటి ముద్ద ఏటేటా గవర్రాజుదే.

అప్పుడు హైమకి పెళ్ళయింది. చిన్నల్లుడొచ్చాడు. పేరు దిలీపు. నెమ్మదైన పిల్లాడు. ఆవకాయ రోజున నల్లటి కొత్త మోటార్‌సైకిలు మీద హైమని ఎక్కించుకుని వచ్చాడు. వీధిలో పిల్లలంతా ఆ బండి చుట్టూ మూగారు. గవర్రాజు పాత బండి గోడవార ఉంటే, దాని సీటు మీద ఎవరో తడి తువ్వాలు ఆరేశారు. అది చూసేసరికి గవర్రాజుకి ఒళ్ళు మండిపోయింది.

సరే, కాయ కొట్టారు. ఆవకాయ కలిపారు. అప్పుడు మంగతాయారు అన్నం కలిపి, మొదటి ముద్ద తీసుకెళ్ళి ఎవరి చేతిలో పెట్టిందనుకున్నావ్? దిలీపు చేతిలో!

గవర్రాజు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. రెండో ముద్ద తనకి పెట్టబోతే, "ఆకలి లేదండీ అత్తయ్యగారూ" అన్నాడు. అబద్ధం. పొద్దుట్నించి కాయ కొట్టినవాడికి ఆకలెందుకుండదు?

ఆవకాయని మూడోనాడు మళ్ళీ తిరగ కలుపుతారు. ఉప్పు చూసుకుని, చాలకపోతే నూనె పోస్తారు. మంగతాయారు ఆ రోజు కూడా ఆ బేసినులోనే అన్నం కలిపేది. అందుకని కూతుళ్ళూ అల్లుళ్ళూ మూడోనాడు మళ్ళీ రావాలి. "ఆ ముద్ద నాది కాకపోతే నా పేరు గవర్రాజే కాదు" అనుకుంటూ మనవాడు ఇల్లు చేరాడు. ఇదంతా ఆ కొత్త బండి మహిమేనని, బండిని చూసే అత్తగారు దిలీపుని నెత్తికెక్కించుకుందని వాడి నమ్మకం. కుళ్ళొచ్చిన బుర్రకి తోచేవన్నీ ఇలాంటివే.

ఇక చూడు, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, తన బండిని కుర్రకారు బండి చెయ్యాలని కూర్చున్నాడు.

మొదటిరోజు సాయంత్రం అద్దాలు పీకేశాడు. "అయ్యో, వెనకొచ్చేవాళ్ళు ఎలా కనపడతారండీ?" అంది రత్నం. "వెనకొచ్చేవాణ్ణి చూడాల్సిన ఖర్మ నాకేంటే? అందరూ నా వెనకేగా ఉండేది!" అన్నాడు. ఎంత పొగరో చూశావా?

ఆ తర్వాత రెండోరోజు సైలెన్సరు మార్పించాడు. బండి స్టార్ట్ చేస్తే డబడబడబ... పక్కింటి గేదె పలుపు తెంచుకుని పారిపోయింది. నవ్వకు, నిజంగానే! "నేను చెప్పేది మీకు వినపడట్లేదండీ" అని రత్నం అరిచింది. "ఏంటీ?" అన్నాడు.

ఆ తర్వాత మూడోరోజు పొద్దున్నే స్పానరు పట్టుకుని శారీ గార్డు విప్పేశాడు. అంటే ఏంటంటావా? బండి వెనక చక్రం పక్కన ఇనపజాలీ ఉంటుంది చూడు. ఆడవాళ్ళ చీరలు చక్రంలో పడకుండా పెడతారు. అది ఉంటే బండి ముసలిదానిలా ఉందట. "అది నాకోసం పెట్టిందండీ. చీర కట్టుకునేదాన్ని నేను, మీరు కాదు!" అని రత్నం గట్టిగానే అంది. "కొంగు ఒళ్ళో పెట్టుకుని పట్టుకో, అదేం పెద్ద పని?" అనేశాడు.

దిలీపు బండికి ఆ మూడూ ఉన్నాయి. అద్దాలున్నాయి, చప్పుడు లేదు, జాలీ ఉంది. చూస్తే కదా! కుళ్ళుబోతు కంటికి ఎదుటివాడి బండి మెరుపొక్కటే ఆనుతుంది.

అప్పుడు రత్నం ఆవకాయ తెచ్చుకోవడానికి ఖాళీ జాడీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని, ఒకవైపుగా బండెక్కింది. పుట్టింటికి వెళుతున్నానన్న సంతోషం కూడా లేదు పాపం. కొంగుకి భుజం దగ్గర పిన్నీసు పెట్టుకుంది. ఒక చెయ్యి జాడీకి, ఒక చెయ్యి సీటుకి. ఇంక కొంగు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది దానికి?

కాలవ వంతెన దగ్గర సోడాకొట్టు ఉంది. అక్కడ దిలీపు, హైమ ఆగి ఉంటే గవర్రాజూ బండి ఆపాడు. ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నాయి. హైమ అక్కని చూసింది, బండిని చూసింది, జాలీ లేకపోవడం చూసింది. గబగబా తన హెల్మెట్టు తీసి అక్క నెత్తిన పెట్టేసింది.

"బావగారూ, మెల్లగా వెళ్ళండి. ఆ బండి చూస్తే నాకు భయంగా ఉంది" అంది.

"మీ ఆయన బండిలాంటిదే ఎక్కాలని ఎక్కడైనా రాసుందా? దాని నెత్తిన ఆ కుండ ఏమిటి, చోద్యం కాకపోతే!" అని గవర్రాజు విసుక్కున్నాడు. తీసెయ్యమన్నాడు. రత్నం తియ్యలేదు. మొగుడి మాట కాదనడం ఆ రోజు దానికి మేలే చేసింది.

అప్పుడు గవర్రాజు కిక్కు కొట్టి కాలవగట్టు రోడ్డు మీద దూసుకుపోయాడు. వెనక హైమకి హెల్మెట్టు లేదు కాబట్టి దిలీపు ఇంకా మెల్లగా బయల్దేరాడు. దూరం నించి అతను చూశాడు. ముందు బండి మీద వదినగారి కొంగు గాలికి జారి, వెనక చక్రం పక్కన రెపరెపలాడుతోంది.

"అన్నయ్యగారూ, ఆపండీ!" అని అరిచాడు. ఆ డబడబలో వినపడలేదు. చెయ్యి ఊపాడు. అద్దాలు లేవు, కనపడలేదు. తప్పనిసరై వేగం పెంచి, దగ్గరికొచ్చి, హారను మీద హారను కొట్టాడు.

ఆ హారనొక్కటీ గవర్రాజు చెవిన పడింది. ఏమనుకున్నాడో తెలుసా? "వీడు నన్ను దాటేసి ముందెళ్ళి ముద్ద కొట్టేద్దామనుకుంటున్నాడు!" అనుకున్నాడు. ఇంకా గట్టిగా యాక్సిలేటరు తిప్పాడు, దౌర్భాగ్యుడు.

అప్పుడు కొంగు చక్రంలో పడింది.

పిన్నీసు పెట్టిన కొంగు కదా, ఊడి రాలేదు. మనిషినే లాగేసింది. రత్నం వెల్లకిలా రోడ్డు మీద పడింది. తల ఠాప్‌మని తారుకి తగిలింది. చీర చిరిగింది కాబట్టి బండి వెంట ఈడ్చుకుపోలేదు. జాడీ ముక్కలు ముక్కలయింది.

ఇక్కడ విను. గవర్రాజుకి బండి హఠాత్తుగా తేలికైంది. వాడేమో, "అబ్బో, వేగం అందుకుంది!" అని సంతోషించాడు. పెళ్ళాం పడిపోతే సంతోషించాడే! నాకు ఈ ముక్క చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కాస్త దూరం పోయేసరికి చిరిగిన చీర చక్రాన్ని బిగించేసి బండి ఆగిపోయింది. "గెలిచామే రత్నం!" అంటూ వెనక్కి తిరిగాడు. సీటు మీద ఎవరూ లేరు.

వాడు పరిగెత్తాడు. ఏడుస్తూ పరిగెత్తాడు. వెళ్ళేసరికి హైమ తన చున్నీ అక్కకి కప్పి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. దిలీపు ఆంబులెన్సుకి ఫోను చేస్తున్నాడు. హెల్మెట్టు నిలువునా బీటలిచ్చింది. అది లేకపోతే పగిలేది దాని తల. కుడిచెయ్యి విరిగింది, వీపంతా గీరుకుపోయింది.

ఊ కొట్టడం మానేశావేం? బతికే ఉందిలేవే, భయపడకు. నా చెయ్యి పట్టుకో.

ఆ తర్వాత ఆస్పత్రిలో రత్నం చేతికి కట్టు కట్టారు. మంగతాయారు పరుగున వచ్చింది. గవర్రాజు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అంతా నా ఓర్వలేనితనం అత్తయ్యగారూ. మొదటి ముద్ద అతనికి పెట్టారని కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళుతోనే నా రత్నాన్ని చంపుకునేవాణ్ణి" అని బావురుమన్నాడు.

మంగతాయారు నుదురు కొట్టుకుంది. "నా తండ్రీ! అతను నిన్నగాక మొన్నొచ్చిన చుట్టం. చుట్టానికి ముందు పెడతాం. మీరు ఇంటిమనిషి, ఆగుతారనుకున్నాను. మీ తర్వాత నేను తింటాను, చూళ్ళేదా? నన్ను ఆఖరికి ఎవరు నెట్టారు బాబూ?" అంది.

దిలీపు వచ్చి పక్కన కూర్చుంటే, గవర్రాజు అతని చెయ్యి పట్టుకున్నాడు.

నాలుగురోజులకి రత్నాన్ని ఇంటికి పంపారు. గవర్రాజు బండి తుడిచి, ఆస్పత్రి గుమ్మం ముందు తెచ్చి నిలబెట్టాడు. రత్నం దాన్ని చూసింది. "నేను బస్సులో వస్తానండీ" అంది.

కోపంగా కూడా అనలేదు, మామూలుగా అంది. వెళ్ళి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. వీడు ఖాళీ సీటుతో ఆ బస్సు వెనకాలే దుమ్ము తింటూ ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా అంతే. సంతకి బస్సు, పేరంటానికి బస్సు, గుడికి బస్సు. ఇంక గవర్రాజు కుళ్ళంతా ఆ బస్సు మీదే! బస్సు హారను వినపడితే చాలు, ముఖం మాడ్చుకునేవాడు. రత్నం దాన్ని నమ్మి ఎక్కుతోంది, తనని నమ్మి ఎక్కట్లేదు. ఈ కుళ్ళుకి మాత్రం విప్పెయ్యడానికి ఏ స్పానరూ పనికిరాలేదు.

మొదట అద్దాలు పెట్టించాడు. రత్నం ఎక్కలేదు. ఆ తర్వాత పాత సైలెన్సరు పెట్టించాడు. ఎక్కలేదు. ఆ తర్వాత జాలీ బిగించి, తనకొకటి, ఆమెకొకటి హెల్మెట్లు కొన్నాడు. అయినా ఎక్కలేదు. ఒంటరిగా వెళ్ళేటప్పుడు కూడా వాడు మెల్లగా వెళ్ళడం ఆమె గుమ్మంలోంచి చూస్తూ ఉండేది.

ఎన్నాళ్ళకో ఒకరోజు బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. రత్నం ఎక్కలేదు. బండి దగ్గరికొచ్చి, వంగి జాలీ కదిపి చూసి, కొంగు చుట్టూ తిప్పి దోపుకుని, హెల్మెట్టు పెట్టుకుని, గవర్రాజు భుజం మీద చెయ్యేసి కూర్చుంది. "పదండి" అంది.

కాలవగట్టు మీద వెళుతుంటే వెనకనించి ఒక కుర్రాడు ఝామ్మని వచ్చాడు. "తాతా, తప్పుకో!" అని అరిచాడు. తాతట! గవర్రాజుకి అరిచెయ్యి దురదపెట్టింది. ఆ పాత కుళ్ళు ఒక్కసారి గొంతుదాకా వచ్చింది. భుజం మీద రత్నం వేళ్ళు బిగుసుకున్నాయి. అదే, విరిగి అతుక్కున్న చెయ్యి.

గవర్రాజు బండి పక్కకి తీశాడు. "ముందు నువ్వే వెళ్ళు నాయనా" అన్నాడు.

అప్పుడు భుజం మీద వేళ్ళు వదులయ్యాయి.

ఊ... కళ్ళు మూతలు పడుతున్నాయి. పడుకో తల్లీ, పడుకో.

బండీ బండీ మెల్లగా,
ఇంటికి చేర్చు చల్లగా.
కుళ్ళుబోతు కథేమో కంచికి,
కళ్ళు మూసిన పిల్లేమో మంచానికి.