పెచ్చులమ్మ వాకిట గరుకు బండ

ఉదయం ఐదుంబావుకు అర్చకురాలు కోనమ్మ గుడి వాకిట్లోని గరుకు బండను చీపురుతో ఊడుస్తుంది. తలుపు తీసేది ఆ తర్వాతే. నల్లమల అంచున ఉన్న ఈ పెచ్చులకొండకు కొత్తగా వచ్చేవారు ముందుగా అడిగేది ఒకటే. తీరుగా చెక్కిన రాతి కత్తి రెండు ముక్కలై గడప బయట ఉంది. గర్భగుడిలో పసుపు కుంకుమలు అందుకునేది మాత్రం బొటనవేలి గోరంత రాతి పెచ్చు. ఎందుకలా?

పూర్వం ఇక్కడ ఈదన్న అనే వేటగాడు భార్య నాగులితో కాపురముండేవాడు. చెకుముకి రాతితో బాణపు ములుకులు చెక్కడంలో చేయి తిరిగినవాడు. నాగులికి రెండు కాన్పులయ్యాయి. రెండుసార్లూ కొడవలితోనే బొడ్డు కోశారు. రెండుసార్లూ కొద్ది రోజులకే బిడ్డకు దవడ బిగుసుకుంది, పాలు మింగలేదు, దక్కలేదు. మూడోసారి నెలలు నిండుతుండగా ఎర్రచీర కట్టిన ముసలామె ఒకతె ఈదన్నకు కలలో కనిపించింది. "ఈ బిడ్డకు ఇనుము తగలనీయకు. నొప్పులు మొదలయ్యాక రాయి పట్టు. అప్పుడు పగిలిన రాతిలో నేనుంటాను" అని చెప్పింది.

మర్నాడు తెల్లవారగానే నొప్పులు మొదలయ్యాయి. గుడిసెలో నాగులి పక్కన మంత్రసాని బొజ్జక్క. గుమ్మం బయట ఈదన్న. తొడ మీద తోలు పరుచుకుని, దాని మీద రాయి ఆనించి, జింక కొమ్ముతో అంచు మీద కొడుతున్నాడు. దెబ్బ సరిగ్గా పడితే పెచ్చు రాతి నడుమ దాకా పలుచగా లేచిపోతుంది. రెండు వైపులా అలా లేపుకుంటూ పోతే రాయి ఆకులా పలుచబడుతుంది. అయితే దెబ్బకు ముందు అంచును గరుకు బండ మీద నూరి మొద్దుబార్చాలి. పదునుగా ఉన్న అంచు దెబ్బకు ఆగదు, నలిగిపోతుంది. దెబ్బ దారి తప్పి రాయి విరుగుతుంది. ఇది ఈదన్నకు తెలియనిది కాదు.

లోపల నాగులి కేక వేసినప్పుడల్లా అతను కొమ్ము ఆపి గుమ్మం వైపు తిరిగాడు.

"అయిందా అక్కా?"

"ముందు నీ రాయి అయిందా అబ్బీ?"

"ఇంకా మందంగానే ఉంది."

"బొడ్డు కొయ్యడానికా, పందితోలు వలవడానికా నువ్వు చేసేది? కానీ మరి!"

ఇంతలో నాగులి అరుపులు ఆగిపోయాయి. అరుపులకన్నా ఆ నిశ్శబ్దానికే అతను ఎక్కువ బెదిరాడు. నూరకుండానే కొట్టాడు. కత్తి నడిమికి విరిగింది. మరో రాయి చెక్కే వ్యవధి లేదు. చూరులో కొడవలి ఉంది. ఈదన్న దాని మీదికి చేయి చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అప్పుడే బిడ్డ ఏడ్చింది. ఏం చేయాలో తోచక రెండు ముక్కలనూ గుమ్మంలోంచి లోపలికి అందించి, మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

ఆనాటినుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. విరిగిన రాతితో బొడ్డు కోశారు, కలలో అమ్మ చెప్పిన మాట తన చేతిలోనే పోయింది అనుకున్నాడు. పూటపూటకూ బిడ్డ గడ్డం కింద వేలు పెట్టి చూసేవాడు. వారం దాటింది. దవడ బిగియలేదు. పురిటి స్నానం నాడు బొజ్జక్క ఆ రెండు ముక్కలనూ తెచ్చి అతనికిచ్చింది. వాటికి నెత్తుటి మరకైనా లేదు.

"మరి దేంతో కోశావక్కా?"

బొజ్జక్క కొంగుముడి విప్పింది. "నీ దెబ్బకు ఎగిరొచ్చి నా పీట పక్కన పడిందబ్బీ, ఈ పెచ్చు. చెక్కింది లేదు, నూరింది లేదు, వెంట్రుకను చీల్చేటట్టుంది. నువ్వు ముక్కలందించేసరికే నా పని అయిపోయింది."

ఆ పెచ్చునే ఈదన్న ఇక్కడ నిలిపాడు. పగిలిన రాతిలో ఉంటానన్న ఆ ముసలామే పెచ్చులమ్మ.

ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రిలోనే. రాతితో ఇక్కడ ఎవరూ ఏమీ కోయరు. ఇంట్లో నెలలు నిండినప్పుడు భర్త వచ్చి, ఒక రాతి అంచును గరుకు బండ మీద మొద్దుబారేదాకా నూరుతాడు. ఈదన్న తొందరలో వదిలేసిన పని అది. ఆ రాయిని బండ మీదే ఉంచి వెళతాడు. బిడ్డ పాలు తాగుతోందన్న కబురు వచ్చాకే దాన్ని అమ్మ ముందుకు చేరుస్తారు. అమ్మ చల్లని చూపు తల్లికీ బిడ్డకూ ఉంటుందని నమ్మకం.

పోయిన కార్తీకంలో ఒకతను నూరి వెళ్ళిన రాయి చుట్టూ కోనమ్మ రోజూ ఊడ్చింది. కబురు రాలేదు. తరవాతి ఆదివారం అతని తమ్ముడు కొండెక్కి వచ్చి చెప్పాడు: ఆడపిల్ల, కడుపునిండా పాలు తాగుతోంది.