పేలిక పడ్డ చోటు

తిప్పన్న కాల్చిన గుండు సున్నం బొట్టుకు తగలలేదు. బొట్టు సంగతి అలా ఉంచండి, బొట్టు పెట్టిన బండకే తగలలేదు. ఆ బండ ఎనుబోతంత ఉంది, ఎక్కడికీ పారిపోయేది కాదు.

"మందు చాల్లేదు తాతా," అన్నాడు తిప్పన్న. మందు నింపుకున్న కొమ్ములోంచి ఇంకాస్త తుపాకి గొట్టంలోకి ఒంపాడు.

హుసేని తాత పక్కనే కూర్చుని చూస్తున్నాడు. కొండమీది దర్గాలో దీపం పెట్టుకుంటూ బతికే ఫకీరు ఆయన. ఫకీరు కాకముందు ఆ చుట్టుపక్కల ఆయనంతటి వేటగాడు లేడంటారు. ఎందుకు మానేశాడని ఎవరూ అడగరు, అడిగినా ఆయన చెప్పడు. తిప్పన్న వచ్చి కాళ్లమీద పడితే మాత్రం కాదనలేకపోయాడు.

తిప్పన్న అన్న నల్లప్పను లోయలో ఊటబావి దగ్గర చిరుత చంపింది. వేసవిలో ఊరికి ఆ నీళ్లే దిక్కు. ఇప్పుడు నల్లప్ప భార్య సుంకమ్మ రోజూ ఆ దారినే బిందె ఎత్తుకుని పోతోంది. చిరుత ఇంకా అక్కడే తిరుగుతోంది. తిప్పన్న చేతిలో ఉన్నదేమో పాతకాలపు తుపాకి. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండును గుడ్డపేలికలో చుట్టి, సలాకతో దట్టించి కాల్చాలి. ఒకసారి గురి తప్పితే మళ్లీ దట్టించేదాకా చిరుత ఆగదు. అందుకే తాత షరతు పెట్టాడు. బొట్టుకు తగిలేదాకా లోయలోకి తుపాకితో దిగకూడదు.

తుపాకి మళ్లీ పేలింది. కొండంతా దద్దరిల్లింది గానీ బండ చెక్కుచెదరలేదు.

తాత బండవైపు కన్నెత్తి కూడా చూడలేదు. "పేలిక తే," అన్నాడు.

గుండుతోపాటు బయటికొచ్చే పేలిక కాస్త దూరంలోనే పడిపోతుంది. తెలిసినవాళ్లు దాన్ని ఏరి చూస్తారు. చినిగితే మందు ఎక్కువైనట్టో, గుడ్డ పల్చనైనట్టో. మాడితే రాసిన కొవ్వు చాలనట్టు. నడుమ మసి మచ్చతో, అంచులు నిండుగా ఉంటే మందుకూ గుండుకూ గుడ్డకూ సరిగ్గా కుదిరినట్టు. గొట్టం లోపల ఏం జరిగిందో చెప్పడానికి ఇంకో సాక్షి లేదు.

తిప్పన్న గడ్డి అంతా వెతికాడు. పేలిక లేదు. పొద్దుట్నుంచి కాల్చిన వాటిలో ఒక్కటీ లేదు.

"గాలికి ఎగిరిపోయింటాది తాతా."

చెట్లమీద ఆకు కదలడం లేదు.

తాత తన పాత దుప్పటి అంచు చించి ఇచ్చాడు. మందు సగానికి తగ్గించమన్నాడు. తిప్పన్న నసుగుతూనే దట్టించి కాల్చాడు. సున్నం బొట్టు అంచు లేచిపోయింది. పేలిక సన్నగా పొగలు కక్కుతూ గడ్డిలో పడింది. తాత దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిండుగా ఉంది.

"ఇప్పుడు నీ గుడ్డతో కాల్చు. మందు మాత్రం ఇంతే."

అదే మందు, అదే గుండు, అదే చెయ్యి. గుండు ఎటు పోయిందో తెలియలేదు. పేలిక పడలేదు.

"ఆ గుడ్డ యాడిది తిప్పా?"

"పాత పంచ తాతా."

"పాతదని నాకూ కనపడతాంది. ఎవరిదని అడిగితి."

తిప్పన్న తల దించుకున్నాడు. తిప్పన్న వాళ్ల ఆచారంలో, పోయిన మనిషి కట్టుకున్న బట్టను ఆ మనిషితోబాటే గుంతలో వెయ్యాలి. నల్లప్పను పూడ్చేటప్పుడు తిప్పన్న ఆ పంచను ఎవరూ చూడకుండా దాచాడు. దాంట్లో చుట్టిన గుండే చిరుత గుండెలో దిగాలని ఒట్టు పెట్టుకున్నాడు. వదినకు కూడా ఆ సంగతి చెప్పలేదు.

"మీ వదిన ఏమంటాంది?" అన్నాడు తాత.

"అన్న కల్లోకి వస్తాడంట. వాకిట్లోనే నిలబడతాడంట. లోపలికి రమ్మంటే రాడంట. సిగ్గుపడినట్ల గోడచాటుకు పోతాడంట." చెబుతూ చెబుతూనే తిప్పన్న చినిగిన పంచవైపు చూశాడు.

తాత లేచాడు. "ఆ పంచ తీసుకో. తుపాకి కూడా," అని లోయ దారి పట్టాడు.

మిట్టమధ్యాహ్నం. దారి మొదట్లోనే నల్లప్పను పూడ్చిన చోటుంది. మట్టికుప్ప, దానిమీద రాళ్లు. ఎండ నిప్పులు చెరుగుతున్నా అక్కడ కాలికింద నేల చల్లగా తగిలింది. పిట్ట కూత లేదు.

రాళ్లమీద పేలికలున్నాయి. తిప్పన్న కాల్చినవే, చినిగినవీ, మాడినవీ. ఎవరో ఒక్కొక్కటీ ఏరుకొచ్చి, అంచుకు అంచు ఆనించి జాగ్రత్తగా పరిచారు. ఆడవాళ్లు బొంత కుట్టబోయే ముందు గుడ్డలు పరుచుకున్నట్టుగా ఉంది. చివరి పేలిక అంచున నిప్పు ఇంకా ఎర్రగా పాకుతోంది.

తిప్పన్నకు భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. సొంత అన్నను తన చేతులతోనే బట్ట లేకుండా నిలబెట్టాడు.

తాత టోపీ అంచుకు గుచ్చిన సూది తీశాడు. దుప్పటిలోంచి దారం లాగి, ఎండకేసి చూస్తూ ఎక్కించి, తిప్పన్న చేతికిచ్చాడు.

"కుట్టు."

తిప్పన్న కూర్చుని ఆ పేలికలను మిగిలిన పంచకు కలిపి కుట్టసాగాడు. చేతకాని కుట్టు, అంతా వంకరటింకర. ఒకచోట గుడ్డ ముడతపడితే, ఎదుట ఎవరో అవతలి అంచు పట్టుకుని మెల్లగా సాగదీశారు. తాత తన వెనకాల ఉన్నాడు, సలాక తుడుస్తున్న చప్పుడు వినబడుతోంది. తిప్పన్న తలెత్తలేదు. కుట్టు పూర్తి చేశాడు.

రాళ్లు జరిపి, మట్టి తవ్వి, పంచను లోపల పెట్టి కప్పేసేసరికి పొద్దు వాలింది. తాత అరచేతులు పైకెత్తి దువా చదివాడు.

అప్పుడే సుంకమ్మ బిందెతో ఆ దారిన వచ్చింది. మరిదినీ, ఫకీరునూ, కొత్తగా కప్పిన మట్టినీ చూసి ఆగిపోయింది. ఆమె ఏదో అడగబోయేంతలో లోయ అంచున కొండముచ్చులు చిరుతను పసిగట్టి ఒక్కసారిగా గొంతు చించుకున్నాయి.

"వదినా, నా వెనక్కి రా," అన్నాడు తిప్పన్న. తన చొక్కా అంచు పర్రున చించి కొవ్వు రాశాడు. "మందు ఎంత పొయ్యాల తాతా?"

"గుడ్డ చినగనంత."

తిప్పన్న పోశాడు. గుండు చుట్టి దట్టించాడు. బండల సందులోంచి చిరుత తల బయటికొచ్చింది, తర్వాత భుజం. అది వాళ్లను చూసి నేలకు కరుచుకుంది. తిప్పన్న కాల్చాడు.

పొగ కమ్మేసింది. బండలు కనపడలేదు, దారి కనపడలేదు. కొండముచ్చులు ఊరుకున్నాయి.

"పడిందా?" అంది సుంకమ్మ.

తిప్పన్న బండలవైపు చూడలేదు. నాలుగడుగులు నడిచి గడ్డిలోకి వంగాడు. పేలిక అక్కడే పడి ఉంది. నడుమ మసి మచ్చ, చుట్టూ అంచు నిండుగా. దాన్ని తాతకు చూపించబోయి, మళ్లీ ఎందుకో ఊరుకుని జేబులో వేసుకున్నాడు.

"పడింది. బిందె ఇట్లియ్యి వదినా," అన్నాడు. "పోయి నీళ్లు తెచ్చుకుందాం."